తిరిగి రాని ఒక్క కనెక్షన్

భోజనాలు ముగించుకుని అందరూ ఆవులిస్తున్న వేళ అంబులెన్సులు బుక్ చేసే వెబ్‌సైట్ మొరాయించింది. డేటాబేస్ చూసుకునే వదినగారికి ఇలాంటివి కొత్త కాదు. ఆఫీసులో అందరికీ ఆవిడ వదినగారే, ఎందుకంటే సర్వర్లు చూసుకునేది ఆవిడ సొంత మరిది. ఆవిడ కాపురానికి వచ్చేసరికి వాడు పలక పట్టుకుని తిరిగేవాడు. ముద్దలు పెట్టి, చదివించి, ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆవిడే. వాడికి ముల్లు గుచ్చుకుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేవి.

వెబ్‌సైట్‌కి వచ్చే ప్రతివాళ్లకీ డేటాబేస్‌తో మాట్లాడటానికి ఒక కనెక్షన్ కావాలి. అలాంటివి కొన్ని ముందే తెరిచి పూల్‌లో ఉంచుతారు. తీసుకున్నవాడు పనవగానే తిరిగి ఇచ్చేయాలి, అదీ మర్యాద. ఇప్పుడు అన్నింటినీ ఒకే సర్వర్ పట్టుకుని కూర్చుంది. అదేదో చూసి వదినగారు ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. పోయిన నెల తీసి పారేసిన పాత సర్వర్ అది.

దాన్ని మోసుకెళ్తుంటేనే, అది బిగించి ఉన్న బీరువా అంత ఇనుప రాక్ ఒరిగి, మోసే మనిషిని గోడకేసి నలిపేసింది. ఎముకలు విరిగిన చప్పుడు పై అంతస్తు దాకా వినిపించింది. సందులోంచి అతను చెయ్యి చాచాడు. దగ్గరున్నది మరిదే. అందుకోకుండా భయపడి వెనక్కి జరిగాడు. ఆ మనిషి అక్కడే ప్రాణం వదిలాడు. అప్పట్నుంచీ వాడికి కంటి మీద కునుకు లేదు.

"వదినా, సర్వర్ రూమ్‌లోకి వచ్చా," ఫోన్‌లో మరిది గొంతు తగ్గించి అన్నాడు. "ఇక్కడ మిషనేం లేదు. చోటు ఖాళీ."

"మరి కనెక్షన్లు ఎవరు పట్టుకున్నట్టురా?"

"కేబుల్ ఒకటుంది. గోడ పగుల్లోకి పోయింది. వాసనొస్తోంది వదినా... పచ్చి నెత్తురు వాసన."

"ముట్టుకోకు. బయటికొచ్చెయ్."

"లాగేస్తే పీడా పోతుంది. ఒక్క నిమిషం."

ఇక్కడ హాల్లో ఫోన్లు గోల పెడుతున్నాయి. అంబులెన్స్ కోసం ఎవరో ఏడుస్తున్నారు. పట్టుకుని వదలనివాళ్ల దగ్గర్నుంచి కనెక్షన్లను బలవంతంగా లాక్కునే ఏర్పాటు పూల్‌లో ఉంది. అవతల ఎవరున్నారో తెలియకుండా దాని జోలికి పోవద్దని అందరికీ బుద్ధులు చెప్పేది ఆవిడే. ఆ కంగారులో ఆవిడే ఆ బటన్ నొక్కేసింది.

కనెక్షన్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒక్కటి తప్ప.

ఫోన్‌లో కేక.

"వదినా... పట్టుకున్నాడు..."

ఆవిడ మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. వేలు పట్టని పగుల్లో మరిది చెయ్యి మోచేతి దాకా దిగబడి ఉంది. అవతల్నుంచి ఎవరో లాగుతున్నారు. వాడి మొహం గోడకి కొట్టుకుంది. మళ్లీ. మళ్లీ... పళ్లు రాలి నేల మీద పడ్డాయి. ఆవిడ వాడి నడుం పట్టుకుని ఏడుస్తూ వెనక్కి లాగింది. లోపల ఎముక ఫెళ్లుమంది. కండ సాగింది... సాగింది... తెగింది.

ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. వాడి మణికట్టు నుంచి కింద ఏమీ లేదు. నెత్తురు ఆవిడ ఒడిలోకి చిమ్ముతోంది.

తర్వాత ఆ గోడ పగలగొట్టించారు. ఇటుకలు తప్ప ఏమీ దొరకలేదు. కేబుల్ లేదు. చెయ్యీ లేదు.

ఆసుపత్రిలో వాడి పక్కన కూర్చుని, ప్రాణాలతో మిగిలాడు, అదే పదివేలు అనుకుంది వదినగారు. వెబ్‌సైట్ బాగానే నడుస్తోందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక్క కనెక్షన్ మాత్రం ఆ పాత సర్వర్ ఇంకా వదల్లేదట.

"వదినా," మరిది కళ్లు తెరవకుండానే గొణిగాడు. "నా చెయ్యి వదలమను."

"లేదు నాన్నా. పోయిన చెయ్యి ఉన్నట్టే కొన్నాళ్లు అనిపిస్తుందని డాక్టర్ చెప్పాడుగా."

"అనిపించడం కాదు. పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు... రెండో చెయ్యి కూడా వేశాడు."

ఆవిడ వాడి తల నిమరబోయింది. కట్టు కట్టిన మొండి చెయ్యి దానంతటదే లేచి, గోడ వైపు నిటారుగా చాచుకుంది.

మంచం కాళ్లు కీచుమంటూ ఒక జానెడు అటు జరిగాయి.