కుడిచేతి కర్పూరం

"అరుణాచలాన్ని చంపేసినారమ్మా."

ఫోన్‌లో చీఫ్ గోవిందస్వామి గొంతు విని ఏజెంట్ దేవకికి ఒళ్ళు మండిపోయింది.

"కాపలా పెట్టమని నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తిని కదా సార్! ఆఫీసులో ఏం చేస్తా ఉండారు, టిఫిన్లా?"

చీఫ్ దగ్గి, బ్రీఫింగ్‌లోకి దిగాడు. అరుణాచలం తిరుత్తణి రోడ్డులోని మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. కర్పూరంతో లైగాండ్, అంటే లోహాన్ని పట్టుకునే అణువు చేసి, యూరోపియం అనే అరుదైన లోహానికి తగిలించి, రసాయన చర్యను నడిపే కొత్త కెటలిస్టు కనిపెట్టాడు. కొన్ని అణువులకు మన చేతుల్లాగే కుడి, ఎడమ ఉంటాయి. ఈ కెటలిస్టు కుడిచేతి మందునే పుట్టిస్తుంది. కుడిదైతే పిల్లలకు మూర్ఛ తగ్గుతుంది. ఎడమదైతే గుండె ఆగుతుంది. విదేశీ ముఠా దాని అసలు సీసా కాజేసి, రెండు చేతులూ కలిసిన నకిలీ పెట్టబోతోంది.

"మొదటి లాటు తిరువళ్ళూరు ఆస్పత్రికి పోతుందమ్మా."

"మా అక్క కూతురు ఆ వార్డులోనే ఉండాది సార్!"

"తెలుసు. లోపల మన సుందరరాజ్ ఉన్నాడు, పో."

మధ్యాహ్నానికి దేవకి చీపురుతో, ఊడ్చే మనిషి వేషంలో రియాక్టర్ గదిలో ఉంది. సుందరరాజ్‌ది సిల్కు చొక్కా, సెంటు, గదిలో కూడా కూలింగ్ గ్లాసులు. ఆపరేటర్ రామన్ చెయ్యి వాల్వు మీద ఉంది.

"కావడి ఎవరిది?" దేవకి కోడ్ అడిగింది.

"మామది. అసలు సీసా ఇదిగో అక్కా. పోసెయ్యమందామా?"

బల్ల కింద అతని సంచిలో అలాంటిదే ఇంకో సీసా మెరిసింది.

"రామన్, ఆగు! ఏమిరా, గదిలో ఎండ కాస్తా ఉందా నీకు?"

"పోలరాయిడ్ అక్కా. సింగపూర్ సరుకు."

దేవకి వాటిని లాగి, నడిమికి విరిచింది. ఒక్క దిక్కు వెలుతురునే పోనిచ్చే ఆ అద్దాల్లో ఒకదాని ముందు రెండోదాన్ని అడ్డంగా తిప్పి పట్టింది. ట్యూబ్‌లైటు ఆరిపోయినట్టు చీకటి. ఒక్క చేతి సరుకు రెంటి నడుమ పెడితే వెలుతురును మెలిపెట్టి బయటికి పంపాలి. సుందరరాజ్ ఇచ్చిన సీసా పెట్టింది. అదే చీకటి. సంచిలోది లాక్కొని పెట్టింది. వెలుతురు!

"పసిపిల్లల్ని చంపేదానికి ఎంత సొగసుగా తయారైనావురా!"

అతని చెయ్యి పిస్టల్ మీదికి పోయేలోపు చీపురు కట్ట మణికట్టు మీద పడింది. మూతి మీద ఇంకోటి, అరుణాచలం కోసం. రామన్ వాల్వు తిప్పాడు. అసలు సీసా రియాక్టర్‌కు చేరింది.

సంకెళ్ళు పడ్డాక సుందరరాజ్ మూలిగాడు. "కొత్త గ్లాసులు అక్కా..."

"ఏడవొద్దు," అంది దేవకి. "నువ్వు పొయ్యే తావుకు ఎండ రాదులే."