ఇంకొక్క పేజీ

ఉత్తరం చదవడం అయిపోయినా ఆయన తల ఎత్తలేదు. విప్పి పెట్టిన చేతిగడియారం, దాని పళ్ళచక్రాలు, వెంట్రుకంత సన్నటి మరలు ఎదురుగా బల్లమీద అలాగే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న మనిషి... ఏనాడూ పని మధ్యలో ఆపని మనిషి... ఆ ఒక్క కాగితం పట్టుకుని కూర్చుండిపోయాడు!

"ఏమండీ! ఎవరు రాశారు? చదువురాని దాన్ని, నన్నిలా చంపకండి. పైకి చదవండి!"

"అల్లుడు."

గుండ్రటి ఫ్రేములో బిగించిన గుడ్డ మీద సగం కుట్టిన పూరేకు దగ్గర ఆమె సూది ఆగిపోయింది.

"పాపాయికి ఐదో ఏడు వస్తోంది కదా... బడిలో వెయ్యాలట. తీసుకెళ్తాడట." ఆయన కాగితం తిప్పాడు. "ముందు అతని భార్య వస్తుందట. వారం రోజులు మనింట్లో ఉంటే పిల్లకి అలవాటవుతుందని. ఆదివారం అతనొచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తాడట."

"భార్యా!" ఆమె గొంతు కీచుగా పలికింది. "నా కూతుర్ని మట్టిలో కలిపి, ఇంకొకర్ని తెచ్చుకుని, ఇప్పుడు నా ప్రాణాన్ని కూడా లాక్కుపోతాడా! నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనివ్వను... జరగనివ్వనంతే!"

పెరట్లో మట్టితో వంట చేస్తున్న పాపాయి ఆ కేకకి ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చింది. అమ్మమ్మ మెడని రెండు చేతులా చుట్టేసుకుంది. ఆ చిన్న చేతుల బురద ఆమె బుగ్గలకి అంటి, కన్నీళ్ళలో కలిసిపోయింది.

వీధిలో అందరూ ఆమెని సూదమ్మగారు అనేవారు. తలుపు తీసేసరికి చేతిలో సూది, తలుపు వేసేసరికి చేతిలో సూది! కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు... ఆమె చేతిలో పడితే తెల్లటి దిండుగలీబు కూడా పూలతోట అయ్యేది. ఒకప్పుడు ఆ ఇల్లు ఎంత కళగా ఉండేదని! పొద్దున్నే భర్తతో కలిసి దేవుడి ముందు కూర్చోవడం, మధ్యాహ్నం పనులన్నీ ముగించుకుని కిటికీ పక్కన కుట్టు పట్టుకోవడం, ఆ పక్కనే ఒక్కగానొక్క కూతురు చిన్ని గోడకి జేరబడి నవల చదివి వినిపించడం. చదవడమంటే అలా ఇలా కాదు! అత్త మాట్లాడితే అత్త గొంతు, ముసలాయన మాట్లాడితే దగ్గు! తల్లి కుడుతూ నవ్వేది, కుడుతూ ఏడ్చేది, ఒక్కోసారి సూది వేల్లో గుచ్చుకున్నా తెలిసేది కాదు.

ఆ చిన్ని కాన్పుకని పుట్టింటికి వచ్చి, పాపాయిని కని, మర్నాడే కన్నుమూసింది.

అల్లుడు లిఫ్టులు బిగించే మేస్త్రీ. అప్పుడు వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. తెల్లవారి వచ్చేసరికి భార్య మాట్లాడే స్థితిలో లేదు. "నువ్వే! కడుపుతో ఉన్న దాన్ని వదిలేసి నీ పని చూసుకున్నావు! నువ్వే చంపావు నా తల్లిని!" అని ఆస్పత్రి మెట్ల మీద అందరి ముందూ సూదమ్మ అతని చొక్కా పట్టుకుంది. వీధి వీధంతా ఆ మాటే చెప్పింది. నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది. అతను తిరిగి ఒక్క మాట అనలేదు. నెలకోసారి వచ్చి గడప అవతలే నిలబడి, పాపాయిని చూసుకుని, తెచ్చిన బొమ్మ మామగారి చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, వస్తానని అతనూ అనలేదు.

ఆ నాలుగేళ్ళూ ఆమె దేవుడి ముందు కూర్చోలేదు. పుస్తకం పేరెత్తనివ్వలేదు. కుట్టు మాత్రం వదల్లేదు... పాపాయి గౌన్ల కోసం!

సోమవారం ఉదయం ఆ అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. సన్నగా, కళ్ళజోడుతో, చేతిలో ఒకే ఒక సంచితో. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుందట. 'వచ్చింది మహారాణి, సొంత ఇంటికి వచ్చినట్టు!' అని సూదమ్మ లోపల్లోపల మండిపోయింది. మొహమ్మీద తలుపు వేసేదే, "మన గడపలోకి వచ్చిన ఆడపిల్ల" అని భర్త బతిమాలబట్టి ఊరుకుంది గానీ!

ఉండనిచ్చింది కానీ మాట్లాడలేదు. "అన్నం గిన్నెలో ఉందని చెప్పండి" అనేది భర్తతో, ఆ అమ్మాయి మూడు బారల దూరంలో కూర్చుని ఉండగానే. "నేను తర్వాత తింటానని అమ్మతో చెప్పండి బాబాయిగారూ" అనేది ఆ అమ్మాయి. పాపం, గడియారాలాయన రెండు రోజులు తపాలా బంట్రోతులా అటూ ఇటూ తిరిగాడు.

పంతులమ్మ పాపాయిని దగ్గరికి లాక్కోలేదు. మిఠాయి చూపించి పిలవలేదు. మధ్యాహ్నం వసారాలో ఓ మూల కూర్చుని, సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి, తనకోసమే అన్నట్టు పైకి చదువుకునేది. మందలోంచి తప్పిపోయిన ఓ మేకపిల్ల కథ. ఇంటింటి తలుపూ కొట్టి "ఇది మా ఇల్లేనా?" అని అడుగుతుంది. మొదటిరోజు పాపాయి తలుపు చాటునుంచి విన్నది. రెండోరోజు పీట తెచ్చుకుని దూరంగా కూర్చుంది. మూడోరోజు ఆ అమ్మాయి ఒళ్ళోనే పడి నిద్రపోయింది! పంతులమ్మ చప్పుడు కాకుండా పుస్తకం మూసేసింది.

"ఇంతకీ... ఇల్లు చేరిందా, లేదా?"

లోపల కిటికీ పక్కనుంచి వచ్చిందా గొంతు. అడిగేశాక సూదమ్మ నాలిక కరుచుకుంది. గడియారాలాయన కంటికి పెట్టుకున్న భూతద్దం వెనక నవ్వు దాచుకున్నాడు.

"చేరుతుందమ్మా," అంది పంతులమ్మ మెల్లగా. "కాకపోతే చాలా దూరం నడవాలి."

మర్నాడు పంతులమ్మే వచ్చి కుట్టు నేర్పమంది. పాపాయి బడి గౌనుకి చిన్న పువ్వు తన చేత్తో కుట్టాలనుందట. సూదమ్మ మాట్లాడకుండా ఓ గుడ్డముక్క పడేసింది. కాసేపయ్యాక అటు చూసి ఇక ఆగలేకపోయింది.

"ఏమిటది! గొలుసుకుట్టా, కుక్క పీకిన కుట్టా? ఇలా తే. బొటనవేలితో దారాన్ని ఇలా అదిమిపట్టుకోవాలి. బడిలో పిల్లలకి ఇలాగే నేర్పుతావా ఏమిటి!"

ఆ అమ్మాయి నవ్వింది. సూదమ్మ పెదవుల మీదికీ ఏదో వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

ఆ దగ్గరితనం చూసే కాబోలు, దారం ఉండల కోసం అలమర తీసిన పంతులమ్మ, అక్కడ దుమ్ము పట్టిన నవల ఒకటి చూసి చేతిలోకి తీసుకుంది. మధ్యలో ఓ పేజీ మడతపెట్టి ఉంది.

"అమ్మా, ఇది చదవనా మీకు? కుడుతూ వింటారు..."

"ముట్టుకోకు! పెట్టెయ్ అక్కడ!" సూదమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఫ్రేము కిందపడి దొర్లింది. పుస్తకాన్ని లాక్కుని గుండెలకి అదుముకుని, నిలబడ్డచోటే కూలబడిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు... నాలుగేళ్ళుగా లోపల దాచుకున్న ఏడుపు!

"అమ్మా! ఏమైందమ్మా? నేను తెలియక..."

"నీకేం తెలుసు తల్లీ... ఎవరికీ తెలియదు... ఆయనకి కూడా చెప్పలేదు నేను!" ఆమె తల గోడకేసి కొట్టుకోబోతే పంతులమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. "చిన్ని చదువుతోంది ఆ మధ్యాహ్నం. కాళ్ళు దిమ్మల్లా వాచి ఉన్నాయి. 'అమ్మా, తల పగిలిపోతోందే. అక్షరాలు అలికేసినట్టున్నాయి, కళ్ళకి ఆనడం లేదు' అంది. నేనేమన్నానో తెలుసా? 'మొదటి కాన్పు, ఇవన్నీ మామూలే' అన్నాను! అక్కడితో ఊరుకున్నానా... 'ఇంకొక్క పేజీ చదువు, ఆ పిల్ల ఏమైందో చెప్పి పడుకో' అన్నాను! నా తల్లి... చూపు ఆనని కళ్ళతో, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని... ఆ పేజీ చదివింది. నా సరదా కోసం! మర్నాడూ ఇంట్లోనే ఉంచాను. ఆ మర్నాడు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. 'రెండు రోజుల ముందే తీసుకురావలసింది కదమ్మా' అంది డాక్టరమ్మ. నాతోనే అంది... నా ఒక్కదానితోనే!"

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పంతులమ్మ ఆమె వీపు నిమిరింది.

"అమ్మా... ఆయనకి తెలుసు."

సూదమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఎవరికి?"

"ఆ సాయంత్రం చిన్ని అక్క మా ఆయనకి ఫోన్ చేసిందట. తలనొప్పి అనీ, అమ్మ మామూలే అంటోందనీ చెప్పిందట. 'పెద్దావిడ, ఆవిడకి తెలియదా, చెప్పినట్టు విను' అన్నారట ఆయన. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోతుంటారు."

"మరి... మరి నేను అన్ని మాటలన్నానే! చొక్కా పట్టుకున్నానే! ఒక్కసారైనా 'మామూలే అన్నది మీరు కాదూ?' అని అడగలేదే!"

"నేనూ అడిగానమ్మా. 'ఎందుకు పడతారు ఇన్ని మాటలు' అని. 'ఆవిడకి నన్ను తిట్టుకోవడం ఒక్కటే మిగిలింది. అది కూడా తీసేస్తే బతకదు' అన్నారు. మీతో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు." పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇవాళ ఒట్టు తప్పాను."

శనివారం పొద్దున గడియారాలాయన రోజూలాగే ప్రార్థన పుస్తకం తీసుకుని ఒంటరిగా దేవుడి ముందు కూర్చున్నాడు. వెనక అడుగుల చప్పుడైంది. భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆమె పక్కన పాపాయి, పాపాయి పక్కన పంతులమ్మ. ఆయన అన్న ప్రతి మాటకీ ఆమె పెదవులు కదిలాయి. "చిన్ని ఇవాళ ఉంటే..." అన్నాడాయన పుస్తకం మూస్తూ. కూతురి పేరు ఆయన నోట వినబడి ఎన్నాళ్ళయిందో! ఆ ఉదయం భర్తని కూర్చోబెట్టి, పంతులమ్మకి చెప్పిందంతా ఆయనకీ చెప్పేసింది. ఆయన కోప్పడినా బాగుండును! లేచి వెళ్ళి పెరట్లో నూతి పక్కన మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "అన్నం పెట్టు" అన్నాడు. అంతే.

ఆదివారం అల్లుడొచ్చాడు. అలవాటు ప్రకారం గడప అవతలే ఆగాడు. చెవుల దగ్గర జుట్టు అప్పుడే నెరిసిందని ఆమె ఆనాడే గమనించింది.

"లోపలికి రా బాబూ."

అతను నమ్మలేనట్టు చూశాడు. తర్వాత భార్య మొహం చూశాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. అతనికి అంతా అర్థమైపోయింది.

"అత్తయ్యా, అదేం లేదు... మీరేం మనసులో పెట్టుకోకండి..."

"నన్నొక్క మాట అను బాబూ! ఒక్కటంటే ఒక్కటి! నాలుగేళ్ళు నీ గుండెల మీద కాలేసి తొక్కాను!" ఆమె అతని కాళ్ళ మీదికి వంగిపోతుంటే భుజాలు పట్టుకుని ఆపాడు. ఆపినవాడు వదల్లేదు. ఆ గడప మీదే, అత్త భుజం మీద తల పెట్టుకుని, ఎదిగిన మగవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నేనూ రావలసింది అత్తయ్యా... ఆ రాత్రే బస్సెక్కి రావలసింది..."

ఎవరి తప్పు ఎంతని అక్కడ ఎవరూ తేల్చలేదు. తేలినా చిన్ని రాదు.

బయల్దేరే వేళకి పాపాయి మొండికేసింది. అమ్మమ్మ చెయ్యి వదలనంది. ఆ పిల్లని ఇచ్చెయ్యడమంటే ఆమెకి గుండె కోసి ఇవ్వడమే! 'ఉండనీ, వెళ్ళనంటోంది కదా' అనే మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవేళ మధ్యాహ్నం పంతులమ్మ ఒళ్ళో పడి నిద్రపోయిన పాపాయి మొహం కళ్ళముందు మెదిలింది. తను వెలుతురు బాగున్నప్పుడు కూడా సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. ఈ పిల్ల పెరిగేసరికి తను ఉంటుందా?

"వెళ్ళు నాన్నా. అమ్మ దగ్గరికి వెళ్ళు" అంది, చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ.

"ఈవిడ అమ్మా?"

"ఊఁ. అమ్మే."

పంతులమ్మ మొహం చేతుల్లో దాచుకుంది.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, పక్కింటావిడ, ఎదురింటావిడ ఓదార్చడానికి వచ్చేశారు. వాళ్ళకీ నాలుగేళ్ళుగా అలవాటైన పాటే అది.

"ఎంత రాతిగుండె వదినా అతనిది! పెళ్ళాన్ని పొట్టన పెట్టుకున్నది చాలక పిల్లని కూడా ఎత్తుకుపోయాడు. నువ్వెలా ఒప్పుకున్నావమ్మా!"

ఇంకొకప్పుడైతే సూదమ్మ వాళ్ళ మధ్య కూర్చుని శోకాలు తీసేది. ఇప్పుడు మౌనంగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. తలుపు వేసుకుని లోపలికి పోవచ్చు. కానీ ఆమె మెట్టు దిగి వీధిలోకే వచ్చింది.

"అతన్ని ఒక్క మాట అనకండి."

"అదేంటి వదినా! నువ్వే కదా చెప్పావు..."

"అబద్ధం చెప్పాను. నా కూతురు తలనొప్పి అంటే మామూలే అన్నది నేను. కళ్ళు కనపడటం లేదంటే ఇంకొక్క పేజీ చదవమన్నది నేను. రెండు రోజులు ఇంట్లో ఉంచేసింది నేను. అతనికి అంతా తెలుసు. తెలిసీ నా పాపం నెత్తిన వేసుకుని నాలుగేళ్ళు మోశాడు."

ఎదురింటావిడ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. పక్కింటావిడ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ చూపు సూదమ్మకి తెలుసు. ఆస్పత్రి మెట్ల దగ్గర జనం అల్లుణ్ణి అలాగే చూశారు. రేపటినుంచి ఈ వీధిలో ఆ చూపు తనదే. కుట్టుకి గుడ్డలు తెచ్చేవాళ్ళు కూడా అలాగే చూస్తారు. చూడనీ!

"మీ ఇంట్లో కడుపుతో ఉన్న కోడలుంది కదమ్మా," అంది పక్కింటావిడతో. "కాళ్ళు వాచాయన్నా, తలనొప్పి అన్నా, మామూలే అనకు. ఆ క్షణమే తీసుకెళ్ళు. నా మొహం గుర్తు తెచ్చుకుని తీసుకెళ్ళు."

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఎండ మండిపోతోంది. వీధంతా ఖాళీగా ఉంది. లోపలినుంచి భర్త వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అంతా విన్నాడని తెలుస్తూనే ఉంది. నిన్నటినుంచి ఆమెని తాకని ఆ మనిషి, మెల్లగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"లోపలికి రావే," అన్నాడు. "ఎండలో ఎంతసేపు నిలబడతావు?"