జవాబు తెలియని ప్రశ్న

వేణుగోపాల్ రాసిన తొలి ప్రేమకథలో నాయిక పేరు ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత కథంతా ఆమె ‘సదరు యువతి’.

“సార్, ఈ సదరు యువతిని మీ కథలో ఆయప్ప పెండ్లి చేసుకుంటాడా, దావా వేస్తాడా?” అని అడిగింది సుచరిత, టైపు చేస్తూనే.

కడప కోర్టుకు ఎదురుగా ఆమెది చిన్న డీటీపీ సెంటర్. భర్త పోయినప్పటి నుంచి అదే బతుకుతెరువు. వేణుగోపాల్ జీవితమంతా సివిల్ దావాలు నడిపి, భార్య పోయాక యాభై ఏడో ఏట కథలు మొదలుపెట్టాడు. ఎందుకని తోటి లాయర్లు అడిగితే ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరన్నాడు. వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

కోర్టు వేళ దాటాక కాగితాలు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఆమె ‘సదరు’లన్నీ కొట్టేసేది. ఆయన వాదించేవాడు. ఓడిపోయి టీ తెప్పించేవాడు.

భవనం యజమాని షాపులు కూలగొడుతున్నాడని, నెలాఖరుకు సెంటర్ మూసి కమలాపురంలో అన్న దగ్గరికి పోతున్నానని ఒకరోజు ఆమె చెప్పింది. మంచిదన్నాడాయన. ఇల్లు చేరేదాకా తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు చివరి పేజీ తెచ్చాడు. అందులో నాయకుడైన బేతంచెర్ల బండల వ్యాపారి, నాయిక అయిన టీచరమ్మను రైలెక్కించి, నోరు విప్పకుండా నిలబడిపోతాడు. సుచరిత చదివి పక్కన పెట్టింది.

“ఇది నేను టైపు కొట్టను.”

“ఏం, రాత అర్థం కాలేదా?”

“రాత బాగానే ఉండాది. ఆయప్పకే నోరు లేదు. ఉండమని అడిగింటే ఏం పోయె?”

“జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదమ్మా. మా వృత్తిలో అది మొదటి పాఠం.”

“ఆయమ్మ సాక్షి కాదు కదా సార్. జవాబు ముందే తెలిస్తే ఇంక అడిగేదెందుకు?”

బయట వాన మొదలైంది. స్కూటర్ సీటు మీది దుమ్ము తడిసేంత వాన, అంతే. ఆయన బల్ల మీద కూర్చుని ఆ పేజీ దిద్దబోయాడు. ఒక్క మాటా రాలేదు. పెన్ను మూత పెట్టాడు.

“కమలాపురం పోకుంటే కాదా?”

“ఇది ఆయప్ప ప్రశ్నా, మీదా?”

“నాదే.”

“ఎందుకు పోకూడదో చెప్పాల కదా.”

“నన్ను పెండ్లి చేసుకుంటావేమోనని.”

వేణుగోపాల్ ఆమెతో ‘నువ్వు’ అనే చనువుతో మాట్లాడడం అదే మొదటిసారి. సుచరిత మానిటర్ వైపే చూస్తూ కూర్చుంది. కోర్టులో ఎన్నో తీర్పుల కోసం ఎదురుచూశాడుగానీ ఆయనకు ఇంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

ఆమె ఫోను దగ్గరికి లాక్కుని నంబరు నొక్కింది.

“అన్నా, నాకోసం గదికి సున్నం కొట్టిస్తాండావు కదా, ఆపేయ్. నేను రాను... ఈడే ఉంటా... లాయరప్పతో.”

అవతల నుంచి పెద్ద గొంతు వినిపించింది. సుచరిత రిసీవర్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని, ఆ రోజుకు మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

“కేసేం లేదన్నా. పెండ్లి.”