జవాబుల పట్టికలో మూడు పేర్లు

ఐస్‌క్రీమ్ షాపు యాప్ కోసం రామిరో రాసిన కోడును ఫియొరెల్లా తిప్పిపంపడం ఆ వారంలో అది నాలుగోసారి.

"రామిరో, నీకు చేతులు నొప్పి పుట్టలేదూ?" అంది, వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని. "రుచులకో క్లాసు, సైజులకో క్లాసు, కప్పా కోనా అనేదానికి ఇంకోటి! మూడూ అచ్చం ఒకటే. పేర్లు మార్చి కాపీ కొట్టావు."

"పనిచేస్తున్నాయిగా!"

"రేపు ఐస్‌క్రీమ్ షాపాయన ఇంకేదో జాబితా అడిగితే నాలుగోది రాస్తావా? అన్నిటికీ సరిపోయేలా ఒకే జెనరిక్ క్లాసు రాయి బాబూ. ఏ రకమో ముందే చెప్పకు, ఆ చోటు ఖాళీగా ఉంచు. ఏ ఈనమ్, అంటే ఏ పేర్ల పట్టిక, ఇస్తే ఆ పట్టికలో పేర్లే చూపిస్తుంది. పట్టికలో లేనిది ఎవరూ ఎంచుకోలేరు."

అంటూనే మాతె అనే చేదు ఆకుల టీ నింపిన సొరబుర్ర అందించింది. రామిరో ముఖం ముడుచుకుని తాగి, "థాంక్స్" అంటూ తిరిగిచ్చాడు. మాంటెవీడియోలో మాతె తిరిగిస్తూ థాంక్స్ అన్నారంటే, ఇక నాకు పోయొద్దని. ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ అతనికి మాతె ఇవ్వలేదు.

అలిగిన రామిరోకి ఆ అలక ఎలా మానాలో తెలియలేదు. సోమవారం నుంచి ఆమె సాల్టో ఆఫీసుకు వెళ్లిపోతోంది. బస్సులో ఆరు గంటల దూరం. రెండేళ్లుగా పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి మనసులో మాట చెప్పలేకపోయాడు. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

శుక్రవారం పొద్దున్నుంచీ సన్నటి వాన. కిటికీలోంచి చూస్తే నది ఎక్కడ ముగిసిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రామిరో బుద్ధిగా ఒకే క్లాసు రాశాడు. రుచులు ఇచ్చాడు, చూపించింది. సైజులు ఇచ్చాడు, చూపించింది. ఐస్‌క్రీమ్‌తో సంబంధం లేని ఈనమ్ ఇచ్చి కూడా చూద్దామనుకున్నాడు. వానకేసి చూస్తుండగానే వేళ్లు వాటంతటవే టైపు చేసేశాయి.

"ఆదివారం నాతో నది ఒడ్డున నడుస్తావా, ఫియొరెల్లా?" అని ప్రశ్న. కింద మూడు జవాబులు: ఊ, ఆలోచిస్తా, ఊహూ.

స్క్రీన్ మీద ఆ మూడూ వరసగా కనబడుతుంటే తనలో తనే నవ్వుకున్నాడు. చెరిపేద్దామనుకునే లోపు షాపాయన ఫోను. మాట్లాడుతూ మాట్లాడుతూ, అలవాటు కొద్దీ మొత్తం ఆమె రివ్యూకి పంపేశాడు.

భోజనానికి లేవబోతుంటే గుర్తొచ్చింది. తిరిగి చూస్తే ఆమె అప్పటికే అది తెరిచి చదువుతోంది.

"ఫియొరెల్లా, అది... పొరపాటున వచ్చింది. తీసేస్తాను."

"కూర్చో. రివ్యూ చేసేది నేను."

అతని స్క్రీన్ మీద ఆమె వ్యాఖ్యలు ఒక్కొక్కటే వచ్చాయి.

"క్లాసు బాగుంది. ఏ పట్టిక ఇచ్చినా తీసుకుంటోంది."

"కొత్త పట్టికలో అనవసరమైన పేర్లున్నాయి."

రామిరో కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఊహూ: ఎవరూ వాడరు. తీసేశాను."

"ఆలోచిస్తా: రెండేళ్లు ఆలోచించాను, చాలు. ఇదీ తీసేశాను."

పట్టికలో ఒక్క పేరే మిగిలింది. అతను తలెత్తాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి గానీ, కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి.

"మరి... సాల్టో?" అన్నాడు.

"నువ్వక్కడికొచ్చే శనివారాలకో పట్టిక, నేనిక్కడికొచ్చే శనివారాలకో పట్టిక రాసుకో. మళ్లీ రెండు క్లాసులు రాశావంటే మాత్రం ఊరుకోను!"

ఫ్లాస్కు మూత తీసి, సొరబుర్ర నింపి అందించింది. చేదుగా, నాలుక కాలేంత వేడిగా ఉంది. రామిరో చివరి చుక్కదాకా తాగాడు. తిరిగిస్తూ థాంక్స్ మాత్రం అనలేదు.

ఆమె నవ్వి, మళ్లీ నింపింది.