చిట్టియ్య వెళ్ళిన గోడ

మొగల్తూరులో బోదె కాలవ గట్టు పక్కన ఉన్న ఆ పెంకుటింటి సంగతి మీకెవరూ చెప్పలేదా? చెప్పరులెండి. చీకటి పడ్డాక ఆ ఇంటి పేరెత్తడానిక్కూడా ఊళ్ళో ఎవరూ ఇష్టపడరు. అమావాస్యనాడు దీపాలు పెట్టే వేళ దాటితే చాలు, దాని వెనక గోడలోంచి చప్పుడొస్తుందంటారు. టక్... టక్... అని, ఎవరో వేలి కణుపులతో తడుతున్నట్టు. చేపల బుట్టలు మోసుకెళ్ళేవాళ్ళు కూడా ఆ రోజు గట్టు మీంచి రారు, చుట్టూ తిరిగి రోడ్డున పోతారు.

నేను విన్నానా అంటే — లేదండి, నాకంత సరదా లేదు. విన్నది ఆ ఇంటి ఓనరు సురేష్‌బాబు. ఆయనకి జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

సురేష్‌బాబంటే మెయిన్‌రోడ్డులో కిరాణా కొట్టాయన. కోమట్లు, మూడు తరాల కొట్టు. మనిషి చెడ్డవాడేం కాదు. పండక్కి పదిమందికి పెడతాడు, గొడవలంటే ఆమడ దూరం. జన్మకి చెప్పిన పెద్ద అబద్ధం ఒక్కటే. అదీ పదకొండేళ్ళ కిందట. ఆ ఒక్కటే ఆయన్ని తినేస్తోంది.

ఇన్నాళ్ళూ ఇల్లు తాళం వేసి ఉంది కాబట్టి సరిపోయింది. మొన్న మాఘమాసంలో కూతురు సాయిప్రసన్నకి ఉన్న ఊళ్ళోనే బ్యాంకుకి బదిలీ అయింది. కొట్టు మీది రెండు గదుల్లో అందరం ఎలా సర్దుకుంటాం నాన్నా, నేనూ మణిదీపూ ఆ పెంకుటింట్లో ఉంటాం అంది. మణిదీప్ అంటే అల్లుడు. కంప్యూటర్ ముందు కూచుని ఇంట్లోంచే పని చేసుకుంటాడు, ఎక్కడైనా ఒకటే అతనికి.

సురేష్‌బాబు వద్దనడానికి వంకలు వెతికాడు. పెంకులు కారతాయన్నాడు. పాములున్నాయన్నాడు. బోదె కంపు కొడుతుందన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఊళ్ళో జనం అనుకునేది కూడా చెప్పాడు. ఆ పిల్ల పకపకా నవ్వేసింది. పదకొండేళ్ళుగా అద్దె కట్టకుండా ఉంటోందా ఆ దెయ్యం, ముందు దాన్ని ఖాళీ చేయించాలి నాన్నా అంది.

నవ్వులాటకే అంది పాపం. ఆ ఖాళీ చేయించడం అన్న మాట మాత్రం ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

శుక్రవారం పాలు పొంగించుకోవాలని ముహూర్తం పెట్టేశారు. పెయింటర్ వీరబ్రహ్మాన్ని పిలిస్తే వచ్చి ముందు గదులు చూశాడు, వెనక గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు, పెళ్ళిళ్ళ సీజన్ కదండీ, ఖాళీ లేదు అని జారుకున్నాడు. పోతే పోయాడు, మనమే వేసుకుందాం నాన్నా, ఫోన్లో అన్నీ చూపిస్తున్నారు అంది ప్రసన్న. భీమవరం వెళ్ళి పుట్టీ, ప్రైమరు, రోలర్లు, ఎమ్రీ పేపరూ తెచ్చేసింది.

నిజం చెప్పాలంటే, పని మొదలెట్టాక సురేష్‌బాబుకీ హుషారొచ్చింది. తండ్రీ కూతుళ్ళు సాయంత్రాలు తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని పాత సున్నం గీకారు. పొరలు పొరలుగా రాలింది — నీలం, దాని కింద పసుపు, దాని కింద తాతలనాటి తెలుపు. కిటికీ చువ్వల తుప్పు రుద్ది నల్లరంగు వేశారు. ముందు గదికి లేత కొబ్బరిరంగు పడేసరికి ఇల్లు కడిగిన ముఖంలా తేటగా అయింది. ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాడాయన.

వెనక గది దగ్గరే వచ్చింది చిక్కు.

గట్టు వైపు గోడకి, నేల మీంచి నడుం ఎత్తు దాకా, ఓ మచ్చ ఉంది. పుట్టీ పెడితే పొద్దున్నకి బుడగలు లేచింది. గీకి ప్రైమర్ కొట్టారు — తెల్లారేసరికి చెమట పట్టింది. ఎండనిచ్చి రంగు వేశారు, రెండోసారి కూడా వేశారు. మిగతా గోడంతా నున్నగా ఉంది. ఆ మచ్చ మాత్రం తడితడిగా, తెల్లటి నూగు కక్కుతూ, అదే ఆకారంలో పైకొచ్చింది. గుమ్మమంత లేదు. కిటికీ కాదు. మనిషిని పడుకోబెట్టి తోస్తే పట్టేంత.

"ఇక్కడేముండేది నాన్నా?" అంది ప్రసన్న, అప్పట్లో హాస్టల్లో ఉండి ఏమీ తెలియని పిల్ల.

"కిటికీ అమ్మా. మూసేశాం" అన్నాడు.

అదుగో, ఇంకో అబద్ధం. ఒక్కటే అన్నాను కదా, రెండు చేసుకోండి.

అక్కడ ఏముండేదో నేను చెబుతాను. సురేష్‌బాబు తండ్రి బతికున్న రోజుల్లో ఆ ఇంట్లో చిట్టియ్య అని చేపలాయన, భార్య లోవలక్ష్మి, కొడుకు దొరబాబూ అద్దెకుండేవాళ్ళు. మీరు బతికున్నన్నాళ్ళూ ఉండండి అని పెద్దాయన మాటిచ్చాడు. ఆయన పోయాక సురేష్‌బాబుకి ఆ ఇల్లు గోడౌనుకి కావాల్సొచ్చింది. పైగా పెరట్లో ఎండుచేపల వాసన. తండ్రి ఇచ్చిన మాట కాదని పొమ్మనలేడు, ఉండమనలేడు. అంతలో చిట్టియ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు.

ఓ రోజు సాయంత్రం, ఎలాగైనా అడిగేద్దామని సురేష్‌బాబు ఆ ఇంటికెళ్ళాడు. లోవలక్ష్మి మార్కెట్‌కెళ్ళింది, కొడుకు చేపల వేటకెళ్ళాడు. ఇంట్లో చిట్టియ్య ఒక్కడే. ఈయన గుమ్మంలో నిలబడి చూస్తుండగానే ఆయన ఓ పెద్ద ఊపిరి తీశాడు. అది మళ్ళీ బయటికి రాలేదు. ఫోనులో టైము చూశాడు సురేష్‌బాబు — ఆరుంపావు. ఏం చెయ్యాలో తోచక, ఎవరికీ చెప్పకుండా, నెమ్మదిగా బయటికొచ్చేశాడు. భయం. అంతే, ఒట్టి భయం.

ఎనిమిది దాటాక ఏడుపులు వినిపించి మళ్ళీ వెళ్ళాడు. పంతులుగారు పంచాంగం విప్పారు. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరైనా చూశారా అని అడిగారు. ఏడులోపైతే శ్రవణం నక్షత్రం, ఏ పేచీ లేదు. ఏడు దాటితే మాత్రం ధనిష్ఠ పంచకం. ధనిష్ఠలో పోతే ఆ ఇల్లు ఆరు నెలలు ఎవరూ ఉండకుండా పాడుపెట్టాలి, శవాన్ని కూడా గుమ్మంలోంచి తియ్యకూడదు, గోడకి కన్నం కొట్టి అందులోంచి తియ్యాలి అన్నారు. లోవలక్ష్మి ఏం చెబుతుంది? తను వచ్చేసరికే ప్రాణం లేదు.

"ఎనిమిదింటికి నేను చూశానండి. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు" అన్నాడు సురేష్‌బాబు.

అనుకుని అన్నది కాదు. నోట్లోంచి అలా జారిపోయింది. జారిన మాట మళ్ళీ మింగాలంటే పదిమంది ముందు ధైర్యం చాల్లేదు. ఆ రాత్రే గునపాలు తెచ్చి గోడ కొట్టారు. చిట్టియ్య ఆ కన్నంలోంచి వెళ్ళాడు. తల్లీ కొడుకులు మూటాముల్లే సర్దుకుని సముద్రం ఒడ్డున చుట్టాల పేటకి పోయారు. ఆరు నెలలయ్యాక లోవలక్ష్మి వచ్చి అడిగితే, ఇంకొన్నాళ్ళాగు అన్నాడు. మళ్ళీ ఆవిడ అడగలేదు.

మరి గోడౌను పెట్టుకున్నాడా? ఏం పెట్టుకుంటాడు! పంచకంలో మనిషి పోయిన ఇంటికి బస్తాలు మోసే కూలీ కూడా రానన్నాడు. కన్నం పూడ్చడానికి మేస్త్రీ దొరక్కపోతే, ఓ మధ్యాహ్నం తనే ఇటికలు పేర్చి, చేతికందిన ఇసకతో సిమెంటు కలిపి మెత్తేశాడు. ఎప్పుడు తలుపు తీసినా ఆ గోడ చెమ్మగా కనబడేది. చిట్టియ్య వెళ్ళలేదు, తన మాట పట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు అని ఆయన నమ్మకం. ఇప్పుడా గదిలో కూతురు పడుకోబోతోంది.

బుధవారం సాయంత్రం ప్రసన్న ఆ మచ్చని గోటితో గీకి, నాలిక్కి రాసుకుని చూసింది. తరవాత తండ్రి వైపు తిరిగింది.

"ఇది పేరుపాలెం ఇసక కదూ నాన్నా? ఉప్పు. సముద్రపు ఇసకతో మెత్తితే గోడ ఎప్పటికీ ఆరదు, రంగు నిలవదు. రేపు చెక్కించేసి గోదావరి ఇసకతో మళ్ళీ మెత్తిద్దాం."

సురేష్‌బాబుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ ఇసకతో మెత్తింది తనే. పదకొండేళ్ళు తను చూసి వణికింది ఉప్పుని! టిఫిను తెస్తానని ప్రసన్న స్కూటర్ తీసుకుని వెళ్ళింది. ఆయన ఒక్కడే గదిలో కూచుని, మిగిలిన రంగులో రోలర్ ముంచాడు. అమావాస్య అని అప్పుడు గుర్తొచ్చింది.

టక్... టక్.

చెయ్యి ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. పెంకుల మీద గాలి. తరవాత... మళ్ళీ.

టక్... టక్.

ఈసారి మరీ దగ్గర్లో. ఉప్పు గోడ తట్టదు కదా! పారిపోదామనుకున్నాడు. ఇప్పుడు పారిపోతే ఎల్లుండి ఈ చప్పుడు వినేది ప్రసన్న. ఆ ఒక్క ఆలోచనే ఆయన్ని నిలబెట్టింది. ఫోను లైటు వేసుకుని, గోడ పట్టుకుని, ఇంటి చుట్టూ తిరిగి గట్టు వైపుకి వెళ్ళాడు.

గోడకి నుదురానించి ఎవరో కూచుని ఉన్నారు. నెరిసిన జుట్టు. పక్కన చేపల బుట్ట.

"ఎవరు..." అన్నాడు.

"నేనేనండి బాబుగారూ. లోవలక్ష్మిని."

దెయ్యమైతే బాగుండుననిపించిందట ఆయనకి. ఈ మనిషి ముఖం చూడ్డం కంటే అదే తేలిక.

ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. రంగులేస్తున్నారని విని ఇంక ఈ వైపు రాకూడదని, చివరిసారి చెప్పేసి పోదామని వచ్చానంది. ప్రతి అమావాస్యకీ వస్తుందట. పంచకంలో పోయినోడు ఇంటిని వదల్లేడు కదా, వెళ్ళి పలకరించకపోతే ఎలా అని. తండ్రి అలా పోయాడని దొరబాబుకి రెండు సంబంధాలు తప్పిపోయాయట. అవన్నీ మామూలుగానే చెప్పింది, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. ఒక్క మాట మాత్రం గోడ వైపు తిరిగి చెప్పింది.

"ఆ రోజు సరుకు ఆలస్యంగా వచ్చిందండి, ఎనిమిదిదాకా అక్కడే ఉండిపోయాను. మీరు చెప్పారు కదండీ, అప్పటిదాకా కళ్ళు తెరుచుకునే ఉన్నాడని. నాకోసమే చూసుంటాడు. కాస్త ముందొస్తే గుక్కెడు నీళ్ళు పోసేదాన్ని. ఆ మాటే చెప్పుకుంటానండి ఇక్కడికొచ్చి."

ఇల్లు పోయిందని తిడుతుందనుకున్నాడు సురేష్‌బాబు ఇన్నాళ్ళూ. తను నోరు జారిన మాట ఆవిడ పదకొండేళ్ళు మోసింది. ఆ మాట ఒక మనిషిని ఇంతలా కాలుస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"లోవలక్ష్మీ, నేను చూడలేదు. ఎనిమిదింటికి రాలేదు" అన్నాడు. "ఆరుంపావుకే పోయాడు, నా కళ్ళ ముందే. శ్రవణంలో పోయాడు. ఇల్లు ఖాళీ అవుతుందని నేను అబద్ధం చెప్పాను."

బోదెలో కప్పలు అరుస్తున్నాయి. ఆవిడ ఓ అడుగు దగ్గరికొచ్చింది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. పొద్దున్నే పేటకొచ్చి పెద్దల ముందు, దొరబాబు ముందు కూడా చెబుతానన్నాడు. తిట్టమన్నాడు. ఆవిడ తిట్టలేదు. శ్రవణమేనాండీ, నిజంగా శ్రవణమేనా అని రెండుసార్లు అడిగింది. గుండెల మీద చెయ్యి వేసుకుని కూలబడి, చాలాసేపు సన్నగా ఏడ్చింది. అయితే నాకోసం చూళ్ళేదన్నమాట, సుఖంగానే పోయాడన్నమాట అనుకుంది తనలో తను. ఆ తేలికపడ్డ ముఖం చూస్తుంటే సురేష్‌బాబుకి చెంపదెబ్బ తిన్నదానికంటే ఎక్కువ నొప్పేసింది.

ఇంటి ముందు స్కూటర్ ఆగింది. ప్రసన్న లోపలికెళ్ళి లైటు వేసినట్టుంది, కిటికీలో వెలుగు పడింది. "నాన్నా..." అని పిలుస్తోంది.

రేపు తప్పకుండా రండి అని చెప్పి లోవలక్ష్మి బుట్ట ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, ఆ గోడ వైపు అదోలా చూసింది.

"ఆయనకి మాట పడిపోయాక, ఏం కావాలన్నా గోడ మీద రెండుసార్లు తట్టేవాడండి. వస్తున్నానని నేను వంటింట్లోంచి తిరిగి రెండుసార్లు తట్టేదాన్ని. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చినా అలాగే తడతాను."

"ఊఁ" అన్నాడు సురేష్‌బాబు.

"మరి ఆయన మంచి ఘడియలోనే వెళ్ళిపోయాడంటున్నారు..." అని గొంతు బాగా తగ్గించింది. "ఇన్నేళ్ళూ, నేను తట్టిన ప్రతిసారీ, లోపల్నించి తిరిగి తట్టిందెవరండీ?"