ఆఖర్న చేరినవాడు

డాక్టర్ ఫర్హానా మళ్ళీ మీట నొక్కింది. తెరమీద మళ్ళీ అదే ఎర్ర అక్షరాలు: ఓవర్‌ఫ్లో. మంచంమీద హైమవతి తన అక్కనీ, కొడుకునీ, భర్త పైడిరాజునీ రైల్లో ఎదుటి సీటువాళ్ళని చూసినట్టు చూసింది.

మెదడువాపు వచ్చి మనుషుల్ని పోల్చుకునే శక్తి పోయినవాళ్ళకి ఆ రోజుల్లో విశాఖలో చెవి వెనక ఒక చిప్ పెట్టేవారు. ఎవరి ముఖం, ఎవరి గొంతు, ఏ చుట్టరికం అన్నీ పరిచయమైన వరసలో అందులో ఒకే ఫైల్‌గా పేరుకునేవి. మొదటి భర్త పోయాక, చిప్ పెట్టించుకున్న చాలా ఏళ్ళకి, ఎదిగిన కొడుకుతో హైమవతి పైడిరాజుని చేసుకుంది. అతను సముద్రంలో గాలిమరలు బాగుచేసే మనిషి. గుమ్మంలో ఆమె "వచ్చేశారా" అంటే చాలు, అతనికి ఒంట్లో ఉప్పంతా దిగిపోయినట్టుండేది.

నిన్న చిప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చారు. అప్పట్నించీ ఇదీ వరస.

"ఏమైందమ్మా?" అని డాక్టర్‌ని అడిగాడు పైడిరాజు.

"ప్రోగ్రామ్ బాగా పాతదండీ. ఫైల్ సైజు ఎంతని సిస్టమ్‌ని అడుగుతుంది. జవాబు రాసుకోడానికి దాని దగ్గరున్న గడి చిన్నది. ఫైలేమో అందులో పట్టనంత పెరిగింది. పాత సిస్టమ్ ఎలాగో నెట్టుకొచ్చింది. కొత్తది మాత్రం తప్పు అంకె చెప్పడం ఇష్టంలేక, అసలు తెరవనంటోంది."

"ప్రోగ్రామే మార్చేస్తే?"

"అది ఆవిడ నరాలతో అల్లుకుపోయింది. తీస్తే మనిషి దక్కదు. ఒక్కటే దారి. గడిలో పట్టేంత అంకే చెప్పమని సిస్టమ్‌కి నేర్పుతాను. అంతవరకే చదువుతుంది. ఫైల్లో ఆ తర్వాత చేరినవాళ్ళూ, ఇకముందు చేరేవాళ్ళూ ఆవిడకి ఉండరు."

పైడిరాజు మంచంవైపు చూశాడు. "వాళ్ళక్క?"

"ఉంటారు."

"అబ్బాయి?"

"ఉంటాడు."

తన సంగతి అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

"వద్దు నాన్నా," అన్నాడు కొడుకు.

"మీ అమ్మ నిన్నట్నించీ మెతుకు ముట్టలేదురా. అందరూ పరాయివాళ్ళే అయితే ఎవరి చేతి ముద్ద తింటుంది? కానీండమ్మా."

ఫర్హానా చాలాసేపు తెర ముందే కూర్చుని, చివరికి మీట నొక్కింది.

హైమవతి కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "అక్కా! ఎప్పుడొచ్చావే?" అంది. కొడుకుని దగ్గరకి లాక్కుని, చెంపలు తడుముతూ భోరుమంది. పైడిరాజు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడామె అతణ్ణి చూసింది. గబుక్కున పైట సర్దుకుంది.

"పాపం, ఇందాకట్నించీ నిలబడే ఉన్నారు. కూర్చోండి అన్నయ్యగారూ," అంది మర్యాదగా.

"అలాగేనమ్మా," అన్నాడు పైడిరాజు. మంచం పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. అతను వెళ్ళి గోడవారగా ఉన్న బల్లమీద కూర్చున్నాడు.