చీలిక దగ్గర ఎడమకి

ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఒక చిన్న సైకిల్ క్లబ్బుకి దారి కార్డులు రాసిపెట్టేది మొయిరా హాబ్డే. ఇరవై రెండేళ్లుగా ఆ పని ఆమెదే. ఊరు దాటి పడమటి పల్లెల్లోకి, కొండల మీది అడవుల్లోకి పోయే దారుల్ని ఒక్కొక్కటీ తనే తొక్కి చూసి, జేబులో పట్టేంత అట్టముక్క మీద రాసేది. "చర్చి దాటగానే కుడికి. వంతెన మీద దిగి నడవాలి. డెయిరీ గేటు దగ్గర కుక్క ఉంటుంది, కరవదు." ఆ ముక్క చేతిలో ఉంటే కొత్తవాళ్లు కూడా సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు.

పద్నాలుగో కార్డు ఒక్కటే ఆమె తొక్కి చూడకుండా రాసింది. మోకాలి నొప్పితో మంచం పట్టిన రోజుల్లో, పాత కాగితాలు ముందేసుకుని రాసేసింది. క్వార్మ్ అడవిలో కొండ ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. కుడి దారి ఊళ్లోకి దిగుతుంది. ఎడమ దారి వంద గజాలు పోయి, ఎప్పుడో మూసేసిన రాతి క్వారీ అంచున తెగిపోతుంది. కింద నలభై అడుగుల లోతున నీళ్లు.

కార్డు మీద 'చీలిక దగ్గర ఎడమకి' అని పడింది.

పోయిన అక్టోబరులో క్లబ్బు సభ్యుడు లెన్ వోయ్‌సీ ఆ కార్డు పట్టుకుని ఒంటరిగా వెళ్లాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. మూడో రోజున క్వారీ నీళ్లలో దొరికాడు. జేబులో కార్డు నాని ముద్దైపోయింది, ఒక్క అక్షరం మిగల్లేదు. పొగమంచులో దారి తప్పాడన్నారు అందరూ. మొయిరా తన దగ్గరున్న పద్నాలుగో కార్డులన్నీ పొయ్యిలో వేసింది. నోరు మాత్రం విప్పలేదు.

మార్చిలో లెన్ భార్య పాలీన్ ఫోన్ చేసింది.

"ఆయన ఆఖరిసారి తొక్కిన దారి నేనూ ఒకసారి తొక్కాలి మొయిరా. నువ్వు తీసుకెళ్లు. ఆ దారులు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

కాదనడానికి మొయిరాకి ఏ సాకూ దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరారు. పాలీన్ సైకిలెక్కి ఎన్నేళ్లైందో. మొదట్లో ప్రతి ఎత్తు దగ్గరా దిగి నెట్టుకుంటూ నడిచింది. రెండు పక్కలా మనిషెత్తు గట్లు, గట్ల మీద దట్టంగా పొదల కంచె, మధ్యలో బండి పట్టేంత సందు. ఎర్రమట్టి బురద టైర్లకి అంటుకుని బరువెక్కింది. గట్టు కింద అడవి వెల్లుల్లి ఆకు నలిగి ఘాటుగా వాసన కొడుతోంది.

"మా ఆయనకి ఇంట్లో తన చెప్పులెక్కడున్నాయో తెలిసేది కాదు," అంది పాలీన్ రొప్పుతూ, నవ్వుతూ. "దారి మాత్రం కాగితం చూసి వీసమెత్తు తప్పకుండా పోయేవాడు. నీ కార్డంటే ఆయనకి బైబిలేననుకో. అలాంటివాడు దారి తప్పాడంటే నాకిప్పటికీ నమ్మకం కుదరట్లేదు."

మొయిరా గొలుసు సరిచేసే వంకతో వంగింది.

అడవి మొదట్లోకి వచ్చేసరికి నాలుగైంది. పొద్దు ఇంకా ఉండాలి. కానీ కొండ మీంచి పొగమంచు దిగింది. ముందు చెట్ల తలలు కనబడకుండా పోయాయి, తర్వాత మొదళ్లు. పిట్టల అరుపు ఆగిపోయింది. కొమ్మల చివర్ల నుంచి నీటి చుక్కలు ఆకుల మీద పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇద్దరూ లైట్లు వేసుకుని, ముక్కుతూ మూలుగుతూ ఎత్తు తొక్కుతున్నారు.

అప్పుడు వినబడింది, వెనక నుంచి.

టిక్... టిక్... టిక్... టిక్...

తొక్కడం ఆపి సైకిల్ని దాని మానాన వదిలేస్తే వెనక చక్రం చేసే చప్పుడు. పల్లంలో ప్రతి సైకిలూ చేస్తుంది. కానీ ఇది నిటారు ఎత్తు. ఈ ఎత్తు మీద ఎవరైనా తొక్కడం ఆపితే పడిపోతారు.

"ఎవరో వస్తున్నారు," అంది మొయిరా.

పాలీన్ మొహం తెల్లబోయింది. భయంతో కాదు. చెవులు రిక్కించి వింటోంది.

"మూడు టిక్కులకి ఒకటి తడబడుతోంది, విన్నావా?" అని గుసగుసగా అంది. "వెనక పళ్లచక్రంలో ఒక పన్ను అరిగిపోయింది. మార్చుకోమని ఎన్నేళ్లు పోరానో... అది లెన్ సైకిలు."

"పాలీన్, ఆ సైకిల్ని తుక్కు కింద..."

"ష్. వెనక్కి చూడకు. చూస్తే వెళ్లిపోతాడేమో."

మొయిరా చూడలేదు. చూసే ధైర్యం ఆమెకి లేదు. ముందుకు తొక్కింది. వెనక ఆ చప్పుడు దగ్గరవలేదు, దూరమవలేదు.

చీలిక వచ్చింది. ఇద్దరూ కాళ్లు కింద పెట్టి ఆగారు. చప్పుడూ ఆగింది. సరిగ్గా వెనక. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. తడిసిన ఉన్ని వాసన. నీళ్లడుగున మురిగిన ఆకుల వాసన.

తడి కాగితం మడత విప్పుతున్న చప్పుడు...

ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటూ, దాన్ని చదువుకుంటున్నారు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, అనుకుంది మొయిరా.

టిక్... టిక్...

ఇద్దరి మధ్య నుంచి ఏదో దాటిపోయింది. మొయిరా మోకాలికి మంచులాంటి తడి రాసుకుంది. కంటికేమీ కనబడలేదు. పొగమంచు మాత్రం పాయలా చీలి మళ్లీ కలుసుకుంది. చప్పుడు ఎడమ దారి పట్టింది.

"లెన్!" అని పాలీన్ సైకిల్ని ఎడమకి తిప్పింది. అటు పల్లం. రెండు తొక్కుల్లో ఆమె ఎర్ర లైటు పొగమంచులో కలిసిపోతోంది.

"పాలీన్, ఆగు! అటు కాదు!" మొయిరా సైకిల్ పడేసి పరుగెత్తింది. "అటు క్వారీ! కార్డు తప్పు! నేనే తప్పు రాశాను! కుడికి వెళ్లాలి... కుడికి!"

బ్రేకులు కీచుమన్నాయి. రాళ్లు దొర్లాయి. ఒక క్షణం ఆగి కింద నీళ్లలో పడ్డ చప్పుడు.

మొయిరా వెళ్లేసరికి పాలీన్ బోర్లా పడి ఉంది. సైకిల్ ముందు చక్రం అంచు దాటి గాల్లో తిరుగుతోంది. మొయిరా ఆమె కోటు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

"ఎడమకి అని రాశాను," అంది మొయిరా. "తొక్కి చూడకుండా రాశాను. ఆయన దారి తప్పలేదు పాలీన్. నేను రాసినట్టే వచ్చాడు."

కింద, నీళ్ల దగ్గర, టిక్... టిక్... నెమ్మదిగా, ఎవరో చేత్తో చక్రం తిప్పుతున్నట్టు.

"నాకు కాదు," అంది పాలీన్. "ఆయనకి చెప్పు."

మొయిరా పాక్కుంటూ అంచు దాకా వెళ్లింది. కింద తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"లెన్... కుడికి వెళ్లాల్సింది. తప్పు నాదే. నీది కాదు."

చప్పుడు ఆగిపోయింది.

కుడి దారిన, సైకిళ్లు నెట్టుకుంటూ, ఊళ్లోకి దిగారు. పాలీన్ తమ్ముడు వ్యాను తెచ్చాడు. ఎక్కేముందు ఆమె మొయిరా వైపు తిరక్కుండానే అంది. "కార్డు సరిచెయ్యి. మళ్లీ మా ఇంటికి రాకు."

మొయిరా క్లబ్బు వాళ్లందరి ముందూ నిలబడి జరిగింది చెప్పేసింది. అధికారులకి ఉత్తరం రాసింది. కొందరు పలకరించడం మానేశారు, అదీ భరించింది. కొత్త పద్నాలుగో కార్డు రాసే ముందు ఆ దారిని పట్టపగలు మూడుసార్లు తొక్కి చూసింది. ఎడమ దారికి అడ్డంగా దుంగలు వేయించింది. ఏ చప్పుడూ వినబడలేదు. రాత్రిళ్లు కాస్త నిద్ర పట్టడం మొదలైంది.

మే నెల మొదటి ఆదివారం క్లబ్బు వాళ్లు ఏడుగురు కొత్త కార్డుతో ఆ దారిన వెళ్లారు. మొయిరాకి జ్వరం. పొద్దుటి నుంచీ మంచం దిగలేదు. సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. కొత్తగా చేరిన టామ్‌సిన్ అనే అమ్మాయి.

"అందరం క్షేమంగా వచ్చేశాం మొయిరా గారూ. దారి ఎంత బాగుందో! కానీ మీ మీద నాకు కోపంగా ఉంది."

"ఏమైందమ్మా?"

"చీలిక దగ్గర మిమ్మల్ని చూసి చెయ్యి ఊపాను. పలకనే లేదు. పక్కన ఆ పెద్దాయనెవరు? ఒళ్లంతా తడిసి ముద్దైపోయి ఉన్నాడు పాపం. మీ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు."

మొయిరా తన చేతికేసి చూసుకుంది.

"ఇంకోటి అడగనా? కార్డులో కుడికి అని రాశారు కదా. మేం అలాగే వచ్చాం. మరి మీరిద్దరూ... ఎడమకి చూపిస్తూ నిలబడ్డారేం?"